నల్ల తెర దగ్గరే ఆగిపోయిన లినక్స్: డెస్క్‌టాప్ రానప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి

అప్‌డేట్ వేశారు, రీస్టార్ట్ కొట్టారు. తయారీదారు లోగో వచ్చింది, పోయింది. ఆ తర్వాత నల్ల తెర, పైన ఎడమ మూలలో మినుకుమినుకుమంటూ ఒక చిన్న గీత. లేదంటే లాగిన్ తెర వస్తుంది, పాస్‌వర్డ్ కొడతారు, ఒక్క క్షణం నల్లగా అయి మళ్లీ అదే లాగిన్ తెర ముందుకు తెచ్చి నిలబెడుతుంది.

రెండో రకం చిక్కు నాకు మొదటిసారి వచ్చినప్పుడు నేను చేసిన పని సిస్టమ్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. ఫైళ్లు పోకూడదని హోమ్ పార్టిషన్‌ను మాత్రం ముట్టుకోలేదు. రెండు గంటల తర్వాత కొత్త సిస్టమ్‌లో పాస్‌వర్డ్ కొట్టాను. మళ్లీ అదే తంతు! అప్పుడు తీరిగ్గా చూస్తే తేలిందేమిటంటే, హోమ్ పార్టిషన్ నిండిపోయింది. డెస్క్‌టాప్ తన ఎర్రర్లు రాసుకునే ఒక లాగ్ ఫైల్ పెరిగి పెరిగి జాగా అంతా మింగేసింది. గ్రాఫిక్స్‌కూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఒక ఫైల్ తీసేస్తే అయిపోయే పని అది.

అందుకే ముందు ఎక్కడ తెగిందో చూడండి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. డెస్క్‌టాప్ అనేది ఒక గొలుసులో చిట్టచివరి లంకె. అది కనిపించలేదంటే తప్పు దానిదే కానక్కర్లేదు.

ఒక మాట. ఇక్కడ కమాండ్లను ఫోన్‌లో చదివి వినిపించినట్టు పలుకుబడిలోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం అని చెప్పని చోటల్లా చిన్న అక్షరాలే. గీతలు, చుక్కలు, స్లాష్‌లు మాత్రం రాసినవి రాసినట్టే.

గొలుసులో ఏ లంకె?

కంప్యూటర్ ఆన్ చేయగానే మదర్‌బోర్డ్‌లోని ఫర్మ్‌వేర్ లేస్తుంది. అది గ్రబ్ అనే బూట్ లోడర్‌ను పిలుస్తుంది, గ్రబ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను ఎక్కిస్తుంది. కెర్నల్ డిస్కును అందుకున్నాక సిస్టమ్‌డీ పగ్గాలు తీసుకుని ఒక్కో సర్వీసునూ లేపుతుంది. చివర్లో డిస్‌ప్లే మేనేజర్ వస్తుంది. లాగిన్ తెర చూపించేది అదే. గ్నోమ్ వాడేవాళ్లకు జీడీఎం, కేడీఈ వాళ్లకు ఎక్కువగా ఎస్‌డీడీఎం, తేలికపాటి డెస్క్‌టాప్‌లకు తరచుగా లైట్‌డీఎం. మీరు పాస్‌వర్డ్ కొట్టాకే మీ సెషన్ మొదలవుతుంది.

తెర మీద కనిపించేదాన్ని బట్టి లంకెను పట్టుకోవచ్చు. గ్రబ్ ప్రాంప్ట్ దగ్గరే ఆగితే ఇంకా కెర్నల్ దాకా కూడా రాలేదన్నమాట. 'ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్' అనే ప్రాంప్ట్ వస్తే రూట్ డిస్క్, అంటే సిస్టమ్ ఉన్న డిస్క్, దొరకలేదు, లేదా ఫైల్‌సిస్టమ్ పాడైంది. ఎమర్జెన్సీ మోడ్ అని చెప్పి రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) పాస్‌వర్డ్ అడిగితే చాలాసార్లు డిస్కుల జాబితా ఉండే /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఒక తప్పుడు లైను ఉంటుంది. తీసేసిన హార్డ్ డిస్క్ పేరు అందులో ఇంకా మిగిలిపోవడం మామూలే. ఆ లైను ముందు # పెట్టి రీస్టార్ట్ చేస్తే సరి. ఈ మూడూ బూట్ సమస్యలు, డెస్క్‌టాప్‌వి కావు.

లాగిన్ తెరే రాకపోతే డ్రైవర్‌నో డిస్‌ప్లే మేనేజర్‌నో అనుమానించాలి. లాగిన్ తెర వచ్చి, పాస్‌వర్డ్ తర్వాత వెనక్కి తోసేస్తే మీ హోమ్ డైరెక్టరీని అనుమానించాలి. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే సగం టైమ్ మిగులుతుంది.

అన్నట్టు, డెస్క్‌టాప్ కంప్యూటర్ అయితే మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చారో ఒకసారి చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నప్పుడు కేబుల్‌ను మదర్‌బోర్డ్‌కు పెట్టేసి గంటల తరబడి లాగ్‌లు చదివినవాళ్లు ఉన్నారు. ఎవరని అడక్కండి.

ముందు ఒక టెక్స్ట్ లాగిన్ సంపాదించండి

తెర నల్లగా ఉన్నంత మాత్రాన సిస్టమ్ చచ్చిపోయినట్టు కాదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా కలపాలి. లాగిన్ అని అడుగుతూ టెక్స్ట్ కన్సోల్ వస్తే కెర్నల్, డిస్క్, సిస్టమ్‌డీ అన్నీ బతికే ఉన్నాయి. యూజర్‌నేమ్ ఇచ్చి పాస్‌వర్డ్ కొట్టండి. కొట్టేటప్పుడు తెర మీద చుక్క కూడా పడదు, అది సహజమే. పాస్‌వర్డ్‌లో అంకెలుంటే పై వరసలోవి వాడండి. పక్కనున్న నంబర్ ప్యాడ్ ఇక్కడ ఆఫ్‌లో ఉండొచ్చు.

ఎఫ్3కి ఉలుకూ పలుకూ లేకపోతే గ్రబ్ దారి పట్టాలి. రీస్టార్ట్ చేసి, లోగో పోతుండగా ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. పాత బయోస్ మెషీన్లలో షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. ఎస్కేప్‌ను టపటపా కొట్టేస్తే మెనూ దాటిపోయి గ్రబ్ ప్రాంప్ట్‌లో పడతారు. అలా పడితే మళ్లీ రీస్టార్ట్ చేసి ఒక్కసారే నొక్కండి. మెనూ వచ్చాక మొదటి లైను మీద ఉండి 'ఈ' నొక్కితే ఒక ఎడిటర్ తెరుచుకుంటుంది. అందులో 'లినక్స్' అనే పదంతో మొదలయ్యే పొడవాటి లైను వెతకండి. దాని చివరలో 'క్వైట్', 'స్ప్లాష్' అనే మాటలుంటే తీసేయండి. అవే అసలు సంగతి చూపించకుండా ముసుగేసేవి. వాటి స్థానంలో ఇది చేర్చండి:

సిస్టమ్‌డీ.యూనిట్=మల్టీ-యూజర్.టార్గెట్

కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కితే బూట్ అవుతుంది. గ్రాఫిక్స్ జోలికి పోకుండా నేరుగా టెక్స్ట్ లాగిన్ దగ్గర ఆగుతుంది. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే పరిమితం, రీస్టార్ట్ చేస్తే పోతుంది. కాబట్టి ఇక్కడ ప్రయోగాలు చేయడానికి భయం అక్కర్లేదు.

బూట్ మధ్యలోనే తెర గడ్డకట్టిపోతుంటే అదే లైనులో 'నోమోడ్‌సెట్' అనే మాట కూడా చేర్చండి. గ్రాఫిక్స్ కార్డ్‌ను కెర్నల్ తన చేతుల్లోకి తీసుకోకుండా ఆపే మాట అది. అది పెట్టగానే తెర వచ్చిందంటే దోషి డ్రైవరే అని దాదాపు తేల్చేసుకోవచ్చు. అయితే దీన్ని మందులా వాడకూడదు, పరీక్షలా మాత్రమే వాడాలి. శాశ్వతంగా పెట్టేసుకుంటే రిజల్యూషన్ పడిపోతుంది, కార్డ్ ఉన్నా లేనట్టే.

గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అనేది కూడా ఉంటుంది. అందులో పాత కెర్నల్ కనిపిస్తే ఒకసారి దానితో బూట్ చేసి చూడండి. డెస్క్‌టాప్ మామూలుగా వచ్చేస్తే కొత్త కెర్నల్‌కూ డ్రైవర్‌కూ పొసగలేదని అర్థం. ఈలోగా మీ పనులు పాత కెర్నల్‌లోనే చేసుకోవచ్చు.

లోపలికి వచ్చాక మొదట అడగాల్సినవి

డిస్క్‌లో జాగా ఉందా?

డీఎఫ్ -హెచ్

వాడకం శాతం చూపించే వరసలో రూట్ (/) దగ్గర గానీ హోమ్ దగ్గర గానీ 100 కనిపిస్తే అక్కడే ఆగండి, ఇంకెక్కడా వెతకొద్దు. ఇందులో ఒక తమాషా ఉంది. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ తయారయ్యేటప్పుడు మామూలుగా 5 శాతం జాగాను రూట్ ఖాతా కోసం విడిగా దాచిపెడుతుంది. అందుకే డిస్క్ నిండినా రూట్ పేరుతో నడిచే సర్వీసులు రాసుకోగలుగుతాయి, లాగిన్ తెర చక్కగా వస్తుంది. పాస్‌వర్డ్ కొట్టాక నడవాల్సింది మీ పేరుతో. మీకు మాత్రం ఒక్క బైట్ కూడా మిగల్లేదు. సెషన్ ఒక చిన్న ఫైల్ రాయబోయి, కుదరక కూలిపోయి, మిమ్మల్ని వెనక్కి పంపేస్తుంది.

జాగా ఎక్కడికి పోయిందో చూడాలంటే (ముందున్న సుడో అంటే రూట్ అధికారంతో నడపమని):

సుడో డీయూ -ఎక్స్‌హెచ్ --మ్యాక్స్-డెప్త్=1 / | సార్ట్ -హెచ్

పెద్దవి అడుగున కనిపిస్తాయి. అక్కడి నుంచి ఒక్కో మెట్టూ లోపలికి దిగండి. త్వరగా ఖాళీ చేయాలంటే ఉబుంటు, డెబియన్‌లలో 'సుడో ఏపీటీ క్లీన్', అన్నిచోట్లా 'సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎం' పనికొస్తాయి. చివరి ఎం పెద్ద అక్షరం. హోమ్‌లో '.ఎక్స్‌సెషన్-ఎర్రర్స్' అనే ఫైల్ కొండలా పెరిగి ఉంటే ధైర్యంగా తీసేయండి. నా రెండు గంటలు తిన్నది అదే.

డీఎఫ్ -హెచ్ ఖాళీ చూపిస్తున్నా ఫైల్ రాయలేకపోతుంటే 'డీఎఫ్ -ఐ' కొట్టండి. కోట్ల చిన్న ఫైళ్లతో ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కూ ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదులు) అయిపోయినా ఇదే గొడవ.

డిస్క్ బాగానే ఉంటే, సిస్టమ్ అసలు డెస్క్‌టాప్ దాకా వెళ్లాలనుకుంటోందా అని చూడండి:

సిస్టమ్‌సీటీఎల్ గెట్-డిఫాల్ట్

గ్రాఫికల్.టార్గెట్ అని రావాలి. మల్టీ-యూజర్ అని వస్తే ఎవరో ఎప్పుడో మార్చారు. 'సుడో సిస్టమ్‌సీటీఎల్ సెట్-డిఫాల్ట్ గ్రాఫికల్.టార్గెట్' అంటే సరిపోతుంది. ఆ తర్వాత:

సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ డిస్‌ప్లే-మేనేజర్

డిస్‌ప్లే మేనేజర్ పేరు ఏదైనా ఈ ఒక్క కమాండ్ సరిపోతుంది. యాక్టివ్ అని పచ్చగా ఉంటే అది నడుస్తోంది, తప్పు దాని తర్వాతి లంకెలో ఉంది. ఫెయిల్డ్ అని ఎర్రగా ఉంటే కింద కొన్ని లాగ్ లైన్లు కూడా చూపిస్తుంది. అసలు అలాంటి యూనిట్టే లేదంటే డిస్‌ప్లే మేనేజర్ ప్యాకేజీయే ఎగిరిపోయిందన్నమాట. మొన్న అక్కర్లేని ప్యాకేజీలు తీసేద్దామని ఏపీటీ ఆటోరిమూవ్ అని కొట్టి, జాబితా చదవకుండా ఎంటర్ నొక్కిన విషయం గుర్తొస్తోందా? /వార్/లాగ్/ఏపీటీ/హిస్టరీ.లాగ్ ఫైల్లో ఏ రోజు ఏం తీసేశారో అంతా రాసి ఉంటుంది. తీసేసిన వాటిని మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. ఏదైనా తీసేసే ముందు ఏపీటీ మీ చేత ఒక పూర్తి వాక్యం టైప్ చేయించబోతుంటే, చెయ్యి వెనక్కి తీసుకోవాల్సిన క్షణం అదే.

లాగ్ చదవడం

జర్నల్‌సీటీఎల్ -బీ -పీ ఈఆర్ఆర్

ఈ బూట్‌లో వచ్చిన ఎర్రర్లు మాత్రమే చూపిస్తుంది. '-బీ -1' అంటే అంతకు ముందు బూట్‌వి. గడ్డకట్టిన తెరను పవర్ బటన్‌తో ఆపేసి వచ్చినవాళ్లకు కావాల్సింది ఆ పాతదే. పెద్ద అక్షరం జీ నొక్కితే చివరికి పోతుంది, క్యూ నొక్కితే బయటికి వస్తుంది.

ఎర్ర లైన్లు చూసి టెన్షన్ పడొద్దు. బాగా నడుస్తున్న మెషీన్‌లో కూడా ఏసీపీఐ, బ్లూటూత్ గురించి నాలుగైదు ఎర్ర లైన్లు ఉంటూనే ఉంటాయి. చూడాల్సింది మొదట ఏది కూలిందన్నది. ఒక సర్వీస్ పడిపోతే దాని మీద ఆధారపడ్డవన్నీ వరసగా పడతాయి. చివరి లైన్లు ఏడుపులు మాత్రమే, కారణం పైన ఉంటుంది.

తెర మీద బొమ్మలు గీసే ఎక్స్ సర్వర్‌ను వాడే సిస్టమ్ అయితే దానికి సొంత లాగ్ ఉంది. లైట్‌డీఎం, ఎస్‌డీడీఎం ఉన్నచోట /వార్/లాగ్/ఎక్స్‌ఆర్గ్.0.లాగ్ చూడండి (ఫైల్ పేరులో మొదటి ఎక్స్ పెద్ద అక్షరం). జీడీఎం ఉన్నచోట హోమ్‌లోని .లోకల్/షేర్/ఎక్స్‌ఆర్గ్ డైరెక్టరీలో ఉంటుంది. అందులో బ్రాకెట్లలో రెండు ఈలు ఉన్న లైన్లే ఎర్రర్లు. 'నో స్క్రీన్స్ ఫౌండ్' అని ఉంటే మానిటర్ దొరకలేదని కాదు, కార్డ్‌ను నడిపే డ్రైవర్ దొరకలేదని చదువుకోండి. అప్పుడు /ఈటీసీ/ఎక్స్11 (ఎక్స్ పెద్ద అక్షరం) డైరెక్టరీలో పాతకాలపు ఎక్స్‌ఆర్గ్.కాన్ఫ్ ఫైల్ ఉందేమో చూడండి. కార్డ్ మార్చినా, డ్రైవర్ తీసేసినా అది మాత్రం పాత పేరే పట్టుకుని వేలాడుతుంటుంది. ఇప్పటి ఎక్స్‌కు ఆ ఫైల్ లేకపోయినా నడుస్తుంది. పేరు మార్చి పక్కన పెట్టండి.

పాస్‌వర్డ్ కొడితే వెనక్కి తోసేస్తుంటే

డిస్క్ నిండలేదని తేలాక, ఒక కొత్త యూజర్‌ను సృష్టించండి. ఉబుంటులో 'సుడో యాడ్‌యూజర్ టెస్ట్'. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1 (కొన్నిచోట్ల ఎఫ్7) నొక్కి లాగిన్ తెరకు వెళ్లి ఆ పేరుతో ప్రయత్నించండి. డెస్క్‌టాప్ వచ్చేస్తే డ్రైవర్, డిస్‌ప్లే మేనేజర్, ప్యాకేజీలు అన్నీ ఒక్క దెబ్బతో నిర్దోషులు. తప్పు మీ హోమ్‌లోనే. ఇంత తక్కువ శ్రమతో ఇంత కచ్చితంగా చెప్పే పరీక్ష ఇంకొకటి నాకు తెలియదు.

హోమ్‌లో మొదట చూడాల్సింది యజమానులెవరన్నది. 'ఎల్ఎస్ -ఎల్ఏ' కొట్టి మూడో నిలువు వరస చూడండి. రెండు చుక్కలు (..) ఉన్న లైను తప్ప అన్నిచోట్లా మీ పేరే ఉండాలి. '.ఎక్స్‌అథారిటీ' (ఎక్స్ పెద్ద అక్షరం) ఫైల్ పక్కన రూట్ అని ఉందా? ఎప్పుడో 'సుడో స్టార్ట్‌ఎక్స్' కొట్టినవాళ్లకు అలా జరుగుతుంది. ఆ ఫైల్‌లో ఉండేది ఎక్స్ సర్వర్‌ను కలవడానికి కావాల్సిన తాళంచెవి. అది రూట్ పేరుమీద ఉంటే మీ సెషన్ దాన్ని తెరవలేదు. ఆ ఫైల్‌ను తీసేయండి, అదే మళ్లీ తయారవుతుంది. ఇంకా చాలా ఫైళ్లు రూట్ పేరు మీద కనిపిస్తే:

సుడో సీహెచ్ఓన్ -ఆర్ మీపేరు:మీపేరు /హోమ్/మీపేరు

ఆర్ పెద్ద అక్షరం. /హోమ్/మీపేరు అన్నది పూర్తిగా కొట్టారో లేదో రెండుసార్లు చూసుకుని ఎంటర్ నొక్కండి. అక్కడ పొరపాటున ఒట్టి స్లాష్ మిగిలితే సిస్టమ్‌లోని ఫైళ్లన్నీ మీ పేరు మీదికి వచ్చేస్తాయి. అప్పుడు నిజంగానే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

/టీఎంపీ డైరెక్టరీ అనుమతులు చెడిపోయినా ఇలాగే వెనక్కి తోస్తుంది. ఇది మాత్రం కొత్త యూజర్‌కూ జరుగుతుంది. 'ఎల్ఎస్ -ఎల్‌డీ /టీఎంపీ' కొడితే అనుమతుల వరస చివర టీ అక్షరం ఉండాలి. లేకపోతే 'సుడో సీహెచ్ఎంఓడీ 1777 /టీఎంపీ'.

తర్వాత .ప్రొఫైల్, .ఎక్స్‌ప్రొఫైల్ ఫైళ్లు. ఏదో ట్యుటోరియల్ చూసి పాత్ (ప్రోగ్రాములను ఎక్కడ వెతకాలో చెప్పే జాబితా) మార్చే లైను అందులో అతికించి ఉంటారు. పాత పాత్‌ను కలుపుకోకుండా కొత్తది మాత్రమే పెట్టేస్తే సెషన్‌కు కావాల్సిన ప్రోగ్రాములేవీ దొరకవు. టెక్స్ట్ లాగిన్‌లో కూడా 'ఎల్ఎస్' కొడితే అలాంటి కమాండే లేదంటుంటే కచ్చితంగా ఇదే. /బిన్/ఎల్ఎస్ అని పూర్తి దారి ఇస్తే పనిచేస్తుంది. అలాగే /బిన్/ఎంవీతో ఆ ఫైల్ పేరు మార్చండి.

గ్నోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు వేసుకుని ఉంటే, కొత్త వెర్షన్ వచ్చాక వాటిలో ఏదో ఒకటి షెల్‌ను కూల్చేయొచ్చు. హోమ్‌లోని .లోకల్/షేర్/గ్నోమ్-షెల్/ఎక్స్‌టెన్షన్స్ డైరెక్టరీ పేరు మార్చి చూడండి. అప్పటికీ రాకపోతే .కాన్ఫిగ్ డైరెక్టరీని .కాన్ఫిగ్-పాతది లాంటి పేరుకు మార్చండి. సెట్టింగులు కొత్తగా మొదలవుతాయి, కానీ పాతవి ఎక్కడికీ పోవు. తీసేయడం కన్నా పేరు మార్చడం ఎప్పుడూ మేలు.

డ్రైవర్ గొడవ

ఇంటెల్, ఏఎండీ కార్డులకు డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, అవి సాధారణంగా తిన్నగానే నడుస్తాయి. ఫర్మ్‌వేర్ ప్యాకేజీ లేకపోతే మాత్రం మొరాయిస్తాయి. ఎన్‌విడియా సొంత డ్రైవర్ వేరే కథ. అది కెర్నల్‌కు బయటి మాడ్యూల్, ప్రతి కెర్నల్‌కూ విడిగా తయారు కావాలి. అప్‌డేట్ తర్వాత వచ్చే నల్ల తెరల్లో పెద్ద వాటా దీనిదే.

'ఎల్ఎస్‌పీసీఐ -కే' కొట్టి వీజీఏ లేదా 3డీ అని ఉన్న లైను వెతకండి. దాని కింద 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అని ఉండాలి. ఆ లైనే లేకపోతే కార్డ్‌ను ఏ డ్రైవరూ పట్టుకోలేదు. ఇప్పుడు:

సుడో మోడ్‌ప్రోబ్ ఎన్‌విడియా

ఇది ఇచ్చే జవాబే అసలు విషయం చెబుతుంది. మాడ్యూల్ దొరకలేదంటే ఈ కెర్నల్‌కు అది తయారు కాలేదు. 'యూనేమ్ -ఆర్' చూపించే కెర్నల్ నంబర్, 'డీకేఎంఎస్ స్టేటస్' (కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా మాడ్యూళ్లను తయారుచేసేది డీకేఎంఎస్) చూపించే జాబితాలో ఉందేమో పోల్చండి. లేకపోతే ఎక్కువగా కారణం కెర్నల్ హెడర్లు లేకపోవడం. హెడర్ల ప్యాకేజీ వేసి 'సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్' కొట్టండి. ఉబుంటు ముందే తయారుచేసిన మాడ్యూళ్లను కూడా ఇస్తుంది కాబట్టి అక్కడ డీకేఎంఎస్ జాబితా ఖాళీగా ఉండొచ్చు. 'సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్' సరైనదాన్ని వెతికి పెడుతుంది. ఫెడోరాలో ఏకేమాడ్స్ ఈ పనిని అప్‌డేట్ తర్వాత వెనకాల చేస్తుంది. అది పూర్తికాకముందే రీస్టార్ట్ కొట్టేవాళ్లకు నల్ల తెర బహుమతి. కాసేపు ఆగితే చాలు, ఆగలేదంటే 'సుడో ఏకేమాడ్స్ --ఫోర్స్'.

'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని వస్తే మాడ్యూల్ ఉంది, కానీ నమ్మకమైన సంతకం ఉన్నవాటినే రానిచ్చే సెక్యూర్ బూట్ దాని సంతకాన్ని ఒప్పుకోలేదు. డ్రైవర్ వేసేటప్పుడు ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ అడిగింది గుర్తుందా? రీస్టార్ట్‌లో ఒక నీలం తెర వస్తుంది. అందులో 'ఎన్‌రోల్ ఎంఓకే' ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర కొద్ది సెకన్లే ఆగుతుంది. చాలామంది టీ తాగడానికి వెళ్లొచ్చేసరికి అది పోతుంది. ఉబుంటులో మళ్లీ రప్పించాలంటే:

సుడో ఎంఓకేయుటిల్ --ఇంపోర్ట్ /వార్/లిబ్/షిమ్-సైన్డ్/ఎంఓకే/ఎంఓకే.డీఈఆర్

ఫైల్ పేరులో చుక్కకు ముందున్న ఎంఓకే మాత్రమే పెద్ద అక్షరాలు. ఈసారి తెర ముందు నుంచి కదలకండి.

పాత కార్డులవాళ్లకు ఇంకో మాట. ఎన్‌విడియా కొత్త డ్రైవర్లు పాత తరాలను వదిలేస్తూ పోతాయి. ఉదాహరణకు కెప్లర్ తరానికి 470 సిరీసే ఆఖరిది. అంతకన్నా పైది వేస్తే కార్డ్ ఉన్నట్టే గుర్తించదు. తయారీదారు వెబ్‌సైట్ నుంచి ఇన్‌స్టాలర్ దించి వేయడం నాకు ఇష్టం లేని పద్ధతి. ఈరోజు పనిచేస్తుంది, రేపు కెర్నల్ మారగానే మొదటికొస్తుంది. డిస్ట్రో ఇచ్చే ప్యాకేజీకే కట్టుబడండి.

అప్‌డేట్ సగంలో ఆగిపోయి ఉంటే

కరెంట్ పోవడమో, విసుగొచ్చి మూసేయడమో జరిగితే ప్యాకేజీలు సగం సగంగా ఉంటాయి. ఉబుంటు, డెబియన్‌లలో ఈ రెండూ వరసగా కొట్టండి:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ
సుడో ఏపీటీ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

ఇంటర్నెట్ కావాలంటే 'ఎన్ఎంటీయూఐ' కొట్టండి, టెక్స్ట్‌లోనే వైఫై ఎంచుకునే మెనూ వస్తుంది. వైఫై డ్రైవర్ కూడా పోయి ఉంటే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి.

వేలాండ్, ఎక్స్

ఎక్స్11, అంటే పైన చెప్పిన ఎక్స్, వచ్చింది 1987లో. దాని స్థానంలోకి వస్తున్న వేలాండ్ 2008లో మొదలైంది. లాగిన్ తెరలో పేరు ఎంచుకున్నాక కనిపించే పళ్లచక్రం బొమ్మ నొక్కి ఒకదాని బదులు ఇంకోటి ప్రయత్నించవచ్చు. లాగిన్ తెరే రాకపోతే ఉబుంటులో /ఈటీసీ/జీడీఎం3/కస్టమ్.కాన్ఫ్ ఫైల్లో వేలాండ్‌ఎనేబుల్=ఫాల్స్ (వేలాండ్, ఎనేబుల్ రెండింటి మొదటి అక్షరాలూ పెద్దవి) లైను ముందున్న # తీసేస్తే జీడీఎం ఎక్స్ మీద లేస్తుంది. ఈ చిట్కాకు రోజులు దగ్గరపడ్డాయి. ఉబుంటు 25.10 నుంచి గ్నోమ్‌కు ఎక్స్ సెషనే ఇవ్వడం లేదు.

ఏ దారీ లేకపోతే

టెక్స్ట్ లాగిన్ కూడా రాకపోతే లైవ్ యూఎస్‌బీతో, అంటే లినక్స్ నేరుగా నడిచే పెన్ డ్రైవ్‌తో, బూట్ చేయండి. అది ఇన్‌స్టాల్ చేయడానికి కాదు. మీ రూట్ పార్టిషన్‌ను /ఎంఎన్‌టీ కింద మౌంట్ చేసి, ముందు మీ ఫైళ్లను వేరే డిస్క్‌కు కాపీ చేసుకోండి. ఆ తర్వాత డెవ్, ప్రాక్, సిస్ మూడింటినీ 'మౌంట్ --బైండ్'తో దాని కిందికి తెచ్చి 'సుడో సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ' కొడితే మీ పాత సిస్టమ్ లోపలే ఉంటారు. బూట్ పార్టిషన్ విడిగా ఉంటే దాన్నీ మౌంట్ చేయడం మర్చిపోవద్దు. పైన చెప్పిన ప్యాకేజీ కమాండ్లన్నీ అక్కడ కూడా పనిచేస్తాయి.

డెస్క్‌టాప్ వచ్చేశాక ఇంకో పది నిమిషాలు కూర్చోండి. నోమోడ్‌సెట్‌ను /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైల్లో రాసేసి ఉంటే తీసేసి 'సుడో అప్‌డేట్-గ్రబ్' కొట్టండి. టెస్ట్ యూజర్‌ను తొలగించండి. పేరు మార్చి పక్కన పెట్టిన .కాన్ఫిగ్ నుంచి బ్రౌజర్, మెయిల్ సెట్టింగులు ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చుకోండి. ఒక్కోటి తెచ్చాక ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. వాటిలో దేనితో తెర మళ్లీ నల్లబడిందో అదే మీరు ఇందాకటి నుంచి వెతుకుతున్నది.